మా వంటింటి పొగగొట్టము



నేను సంఘసేవలో ప్రవేశించిన క్రొత్తలో, అనగా 1997వ సంవత్సరపు వానకాలములో, ఖమ్మము జిల్లాలోని ఒక పల్లెలో జరిగిన చిన్న సంగతి ముందుగా మీకు చెప్పవలెను. చెప్పుటకు కొంచెము సిగ్గుగానే యున్నది. అయినను అది దాచిపెట్టి మిగిలినది చెప్పుట న్యాయము కాదు.

ఆ పల్లెలో ఒక విధవరాలుండెను. ఆమెకు అప్పటికి యాబది యేండ్లుండవచ్చును. జ్వరముతో పడియున్నదని విని ప్రార్థన చేయుటకు వెళ్లితిని. తాటాకు ఇల్లు, ఒకటే గది. మూడు రాళ్ల పొయ్యి మీద జావ కాగుచుండెను. మూడు దినములుగా ముసురు పట్టినందున కట్టెలన్నియు తడిసియుండెను. మంట లేదు గాని పొగ మాత్రము ఇల్లంతయు నిండియుండెను. నేను మోకాళ్లూని ప్రార్థించుచుండగా కన్నులు మండి నీరు ధారగా కారెను, గొంతు పట్టుకొని మాట తడబడెను. త్వరగా ఆమేన్ అని చెప్పి, బయటికి వచ్చి చింతచెట్టు క్రింద నిలువబడి గాలి పీల్చుకొంటిని.

మరుసటి ఆదివారము నాటికి పల్లె అంతటను ఒక మాట వ్యాపించెను: "కొత్త అయ్యగారు ఆ తల్లి కోసం ఏడ్చి ఏడ్చి ప్రార్థన చేసినారంట." సంఘపెద్దలు నన్ను చూచి మెచ్చుకోలుగా తలలూపిరి. నేను అవునని చెప్పలేదు, కాదనియు చెప్పలేదు. కన్నీటి ప్రార్థన చేయు అయ్యగారని ఆ చుట్టుపట్ల నాకొక మంచి పేరు కలిగెను. ఆ పేరును నేను చాల యేండ్లు అనుభవించితిని. అది పొగ వలన వచ్చిన పేరని నాకును పొయ్యికిని మాత్రమే తెలియునని అనుకొంటిని.

నేను ఆ పొగలో నున్నది పది నిమిషములు. నేను వెళ్లిన తరువాత కూడ ఆ పొగ అక్కడనే యున్నదనియు, ఆమెయు అక్కడనే యున్నదనియు ఆ దినమున నాకు తోచలేదు.

తోచకపోవుటకు కారణము లేకపోలేదు. నేను పొగలోనే పుట్టి పెరిగినవాడను. మాది పెంకుటిల్లు. వెనుక పంచలో మా అమ్మ పొయ్యి. పెద్ద పొయ్యి ప్రక్కనే కోడిపొయ్యి, గోడకు ఆనించిన ఊదుడు గొట్టము, మూలను కంది కట్టె, పత్తి కట్టె. కోడి కూయక ముందే ఆమె లేచెడిది. మాకు గడియారము లేదు. అమ్మ దగ్గు వినబడిన యెడల తెల్లవారినదని మేమెరుగుదుము. పంచలోని దూలము, వాసములు, గోడలు అన్నియు నల్లగా నిగనిగలాడుచుండెడివి. వంటిల్లనగా నల్లగా నుండవలెననియే నేను అనుకొనెడివాడను.

ఆమె 2009లో ప్రభువునందు నిద్రించినది. చివరి రెండు సంవత్సరములు నాలుగు అడుగులు నడిచిన యెడల ఆయాసము. ఆసుపత్రికి తీసికొనిపోగా అక్కడి డాక్టరుగారు ఛాతీ పరీక్షించి, ఫోటో తీయించి, "ఈమె చుట్ట తాగేదా?" అని నన్ను అడిగిరి. మా ప్రాంతమున ముసలివారిలో చుట్ట త్రాగు స్త్రీలు లేకపోలేదు గనుక ఆయన అడుగుటలో తప్పు లేదు. అయినను నాకు కొంచెము కోపము వచ్చి, "లేదండీ, ఆమె ప్రార్థనాపరురాలు, పొగాకు ముట్టి యెరుగదు" అని చెప్పితిని. ఆయన నవ్వక, "కట్టెల పొయ్యి దగ్గర ఎన్నేళ్లు వంట చేసింది?" అని అడిగిరి. నేను వ్రేళ్లు మడిచి లెక్కించితిని. పదునారవ యేట కాపురమునకు వచ్చినది. దాదాపు యాబది యేండ్లు. ఊపిరి గొట్టములు ఇరుకై మూసికొనిపోవు ఈ వ్యాధి చుట్ట వలన వచ్చినట్లే పొయ్యి పొగ వలనను వచ్చునని ఆయన ఓపికగా చెప్పిరి.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ప్రకారము ఇండ్లలోని వంట పొగ వలన 2020లో ఒక్క సంవత్సరములోనే సుమారు 32 లక్షలమంది మరణించిరి. ఆ లెక్క నేను తరువాత చదివితిని. అయితే ఆ దినమున ఆసుపత్రి అరుగు మీద కూర్చుండి నేను వేసికొన్న లెక్క వేరు. యాబది యేండ్లు ఆమె వండినది. వాటిలో నేను తిన్నది ఎంత? సామెతల గ్రంథము పదియవ అధ్యాయములో సోమరియైన దూతను పండ్లకు పులుసుతోను కండ్లకు పొగతోను పోల్చిన వచనమున్నది గదా. దాని మీద నేను కనీసము అయిదారు సారులు ప్రసంగించియుందును. సోమరితనము వివరించితిని, పులుసు వివరించితిని. పొగ దగ్గరకు వచ్చినప్పుడు, "ఇది మనకందరికిని తెలిసినదే" అని దాటిపోయితిని.

ఇంత తెలిసిన తరువాతనైన నేను మేలుకొని యుండవలెను. మేలుకొనలేదు. మా యింట గ్యాసు ఉన్నది గదా అని ధైర్యము. మన రాష్ట్రములో 1999లో దీపము పథకము వచ్చినది, దేశమంతటను 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినది. మన సంఘములలో సిలిండరు లేని యిల్లు ఇప్పుడు తక్కువే. కాని సంఘదర్శనమునకు ఇల్లిల్లు తిరుగువాడను గనుక నేనొకటి చూచుచున్నాను. సిలిండరు గదిలో ఒక మూలను శుభ్రమైన గుడ్డ కప్పుకొని కూర్చున్నది. వెనుక పంచలో పొయ్యి మండుచున్నది. చుట్టములు వచ్చినప్పుడు, పిల్లకు జబ్బు చేసినప్పుడు గుడ్డ తీయుదురు. సిలిండరు అయిపోయిన దినమున నింపించుకొనుటకు చేతిలో డబ్బుండవలెను. కట్టె చేలోనే దొరకును. ఇందుకు ఎవరిని నిందింపగలము?

మా యింటను అంతే. గ్యాసు మీద టీ, పిల్లలకు ఉప్మా. అన్నము, స్నానపు నీళ్లు, పండుగలకు వచ్చినవారి వంట అంతయు వెనుక పంచలోని కట్టెల పొయ్యి మీదనే. సిలిండరు రెండు నెలలు రావలెనని నా భార్య పట్టుదల. పాదిరి జీతమెంతో మీరెరుగుదురు గనుక ఆ పట్టుదలను గూర్చి నేను ఎక్కువగా చెప్పనక్కరలేదు.

2019 జనవరిలో ఒక తెల్లవారుజామున నేను సగము నిద్రలో నుండగా పంచలోనుండి దగ్గు వినబడినది. "అమ్మ లేచినది, తెల్లవారినది" అనుకొని ప్రక్కకు ఒత్తిగిలితిని. మరుక్షణమున నా నిద్ర యెగిరిపోయినది. మా అమ్మ పోయి పది సంవత్సరములాయెను. దగ్గినది నా భార్య.

ఆ దినముననే పొయ్యి మార్చవలెనని నిశ్చయించుకొంటిని.

నేను వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో పాత పుస్తకముల మధ్య ఒక చిన్న ఆంగ్ల పుస్తకము నా చేతికి వచ్చియుండెను. "స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్" అని దాని పేరు. కోట్లాదిమందికి పొగలేని వంటిండ్లు అని అర్థము. వ్రాసినవారు ఎస్.పి. రాజుగారు, హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో పనిచేసినవారు. 1953లో మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీవారు దానిని ప్రచురించిరి. ఖరీదైన ఇనుప పొయ్యి కాదు; పల్లెలో దొరకు మట్టితోనే కట్టుకొని పొగగొట్టము పెట్టుకొను పొయ్యి. ఆ దినములలో అది చూచి నేను, నా స్నేహితులును నవ్వితిమి. వాక్యవ్యాఖ్యానములు ముద్రించువారు పొయ్యిల పుస్తకము ముద్రించుటయేమని మా వేళాకోళము. దానిని తిరిగి అరలో పెట్టి, రోమా పత్రిక మీద వ్యాఖ్యానము తీసికొని పోయితిని. వ్యాఖ్యానము మంచిదే. అయితే ఇరువది యేండ్లకు పైగా గడచిన తరువాత, మా యింటి పంచలో నిలువబడి నేను జ్ఞాపకము చేసికొన ప్రయత్నించినది ఆ రెండవ పుస్తకములోని బొమ్మలను.

మా సంఘములో ఒక తాపీమేస్త్రి యున్నాడు. 1980ల దశకములో ప్రభుత్వమువారు దేశమంతట పొగలేని పొయ్యిలు పెట్టించినప్పుడు ఆయన కుఱ్ఱవాడుగా నుండి, తన తండ్రితో కూడ ఆ పని చేసినవాడు. ఆయనను పిలిపించితిని. ఆయన చెప్పిన పద్ధతి ఇది. పుట్టమన్ను, ఊక, పేడ కలిపి బాగుగా త్రొక్కి రెండు దినములు నానబెట్టవలెను. పొయ్యికి ముందు ఒకే నోరు, పైన రెండు కన్నములు. మొదటి కన్నము క్రింద మంట. అక్కడనుండి రెండవ కన్నము క్రిందికి కొంచెము ఎత్తుగా పోవు సొరంగము. రెండవ గిన్నెకు మంట తగిలి పోవునట్లు దాని క్రింద మట్టి దిబ్బ. దాని వెనుక పొగగొట్టము. గొట్టము నాలుగు అంగుళముల వెడల్పుండవలెను. కుమ్మరి చేసిన మట్టి గొట్టములు ఒకదానిలో ఒకటి దూర్చి, పైకప్పులోనుండి బయటికి పంపవలెను. వాసములకు వేడి తగులకుండ గొట్టము చుట్టును జానెడు ఎడము విడిచి మట్టి కట్టవలెను. తాటాకు కప్పైనచో ఇంకను జాగ్రత్త, నిప్పురవ్వ పడినచో ఇల్లే పోవును. వాన నీళ్లు దిగకుండ గొట్టము మీద రేకు టోపీ.

రెండు దినములలో కట్టెను, పది దినములు ఆరబెట్టితిమి. ఆరు వరకు నేను దినమునకు మూడుసారులు చూచి వచ్చుచుంటిని. నా భార్య ఏమియు మాటలాడలేదు. సంతోషము వలన మాట రాలేదని నేను అనుకొంటిని.

వెలిగించు దినమున సంఘపెద్దలను పిలిచి ప్రార్థన చేయించితిని. ఇంత హంగు అవసరమా అని మీరడుగవచ్చును. నాకును ఇప్పుడట్లే తోచుచున్నది. ప్రార్థన ముగించి అగ్గిపుల్ల గీసితిని. పొగ ముందు నోటిలోనుండి వచ్చెను. రెండు కన్నములలోనుండి వచ్చెను. గోడ అతుకులోనుండి సహితము వచ్చెను. గొట్టములోనుండి మాత్రము రాలేదు. పెద్దలు దగ్గుచు ఒకరి వెనుక ఒకరు బయటికి పోయిరి. వారిలో ఒకరు మరల ప్రార్థన చేయుదమనిరి. మేస్త్రి మాత్రము ఏమియు అనక నిచ్చెన తెచ్చుకొని కప్పు ఎక్కెను.

ఆయన పైనుండి చెప్పిన సంగతి నేను అంతకు ముందు వినలేదు. గొట్టము చివర ఇంటి కొప్పు కంటె క్రిందుగా నున్నది. గాలి కొప్పు దాటి ఇవతలికి దిగునప్పుడు తిన్నగా గొట్టములోనికి దూరి పొగను వెనుకకు నెట్టుచున్నది. కొప్పు మీద ఇంకను రెండడుగులు లేపిన యెడల ఈ బాధ యుండదు. "ఇంకోటి అయ్యగారూ, గొట్టం చల్లగ ఉంటే లాగదు. ముందు కొంచెం గడ్డి ముట్టించి గొట్టం కింద పెట్టాలి. లోపలి గాలి వేడెక్కి పైకి పోతే, దాని ఎనకే పొగ పోతది." వేడి గాలి తేలికయై పైకి పోవునని చిన్న తరగతిలో నేనును చదివితిని. చదివినది పొయ్యి దాక రాలేదు.

మేస్త్రి దిగి వచ్చిన తరువాత నా భార్య నోరు తెరచినది. రెండు గిన్నెలు తెచ్చి కన్నముల మీద పెట్టినది. ఒకటి లోనికి జారిపోయెను. రెండవది అంచు మీద ఊగులాడుచుండెను. "పొయ్యి ఎవరి కోసమండీ? నా గిన్నెలు ఎంతెంత ఉంటాయో నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది?" అని ఆమె అడిగినది. గిన్నెకును కన్నమునకును సందున్నచో పొగ ఆ సందులోనుండియే వచ్చునని ఆమెకు ఆ పది దినములును తెలిసియే యున్నది. నేను అడుగలేదు గనుక ఆమె చెప్పలేదు. పాదిరి భార్యలు ఇట్టి మౌనము ఎక్కడ నేర్చుకొందురో!

మేస్త్రియు నేనును ఒకరి మొగము ఒకరము చూచుకొని, పై భాగము పగులగొట్టి మరల కట్టితిమి. ఈసారి ఆమె అన్నపు గిన్నె, నీళ్ల బిందె తడి మట్టిలోనే దించి, వాటి అడుగు ఎంతయో అంత కన్నము తీసితిమి. నోరు ఎంత ఎత్తున నుండవలెనో, ఏ ప్రక్కను కూర్చుండిన యెడల ఆమెకు వెలుతురు తగులునో, అన్నియు ఆమెయే చెప్పినది. గొట్టము కొప్పు దాటించితిమి. మరల పది దినములు ఆరబెట్టి, ఈసారి ఎవరిని పిలువకుండ వెలిగించితిమి. గడ్డి భగ్గుమనెను. గొట్టములో బుస్సుమని గాలి లాగుచున్న చప్పుడు వినబడెను. బయటికి పరుగెత్తి చూచితిని గదా, రేకు టోపీ క్రిందనుండి తెల్లని పొగ నింపాదిగా వేపచెట్టు మీదికి పోవుచుండెను. లోపల నా భార్య పొయ్యి ముందు కూర్చుండి కన్నులు తెరచియే మంటను చూచుచుండెను.

ఈ పొయ్యిని నేను మరీ పొగడను. దీనిలో పెద్ద దుంగలు పట్టవు. కట్టె చిన్నగా చీల్చవలెను, ఆ పనియు నాదే ఆయెను. రొట్టె కాల్చుటకు పాత పొయ్యియే మేలని నా భార్య మాట. పొగ పోవుటతో పంచలో వెదుళ్లకు పుచ్చు పట్టసాగెను. పూర్వము వాసములకు కట్టిన మొక్కజొన్న కంకులను విత్తనము కొరకు పొగయే కాపాడెడిదని అప్పుడు తెలిసికొంటిమి. పైగా, గొట్టము పొగను ఇంటిలోనుండి తీసివేయునే గాని లోకములోనుండి తీసివేయదు. పడమటి గాలి వీచినప్పుడు మా పొరుగువారు నన్ను అది జ్ఞాపకము చేయుచుందురు. అన్ని విధముల గ్యాసే మేలు. కొనగలిగినవారు దానినే వాడుకొనవలెను. అయితే ఎట్లును కట్టె మండించు యింట ఈ పొయ్యి పాతదాని కంటె మేలు. నా భార్య తెల్లవారుజామున దగ్గుట కొన్ని నెలలలో తగ్గినది. అంతకంటె ఎక్కువ నేను చెప్పను.

ఆరు నెలలు గడచెను. ఒకనాడు పొగ మరల ఇంటిలోనికి రాసాగెను. మేస్త్రి కట్టుటలోనే లోపమున్నదని నేను ఆయన మీద విసుగుకొంటిని. ఆయన వచ్చి, గొట్టపు అడుగున నున్న చిన్న మూత తీసి చేయి పెట్టి, పిడికెడు మసి నా యెదుట పోసెను. గొట్టము సగము పూడియున్నది. "తీస్తుండాలి అయ్యగారూ. నాయనతో పెట్టిన పొయ్యిలు చాన ఇట్లనే పోయినయి. పెట్టినంక ఎవరూ తియ్యలే."

ఆయన చెప్పినది నిజము. ఆ ప్రభుత్వ కార్యక్రమము క్రింద దేశములో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టబడినవి. 2002లో అది నిలిచిపోయినది. ఆ తరువాత ఒరిస్సా పల్లెలలో కొందరు పరిశోధకులు పొగగొట్టముల పొయ్యిలు పెట్టించిన ఇండ్లను నాలుగు సంవత్సరముల వరకు కనిపెట్టి చూచిరి. మొదటి సంవత్సరము వంట చేయువారు పీల్చు పొగ తగ్గినది. తరువాత ఆ మేలు కరిగిపోయినది. పగిలినది పూడ్చలేదు, గొట్టము తుడువలేదు, పలువురు పాత పొయ్యినే వాడుకొనిరి.

మసి తీయుట ఎవరి పని? నా భార్య కప్పు ఎక్కలేదు. మొదటిసారి యౌవనస్థుల సమాజములోని కుఱ్ఱవాండ్రకు చెప్పితిని, వచ్చిరి. రెండవసారి చెప్పితిని, క్రికెట్టు ఆట యున్నదనిరి. ఆ వారము నేను ఆదివారపు ప్రసంగము కొరకు లేవీయకాండము ఆరవ అధ్యాయము తీసియుంటిని. బలిపీఠము మీద అగ్ని ఆరిపోకూడదను మాట మీద ప్రసంగించుట నాకు మిక్కిలి యిష్టము. ఆత్మీయ జ్వాల, ప్రార్థనాగ్ని, ఉజ్జీవము, ఇట్లు దాని మీద ఎన్నో ప్రసంగములు చేసితిని. దానికి పైనున్న రెండు వచనములు ఆ దినమున నా కంటబడినవి. యాజకుడు నార బట్టలు తొడుగుకొని, రాత్రి కాలిన బూడిదను ఎత్తి పీఠము ప్రక్కను పోయవలెను. తరువాత ఆ బట్టలు విడిచి వేరు బట్టలు కట్టుకొని, ఆ బూడిదను పాళెము వెలుపలికి మోసికొని పోవలెను. లేవీయులలో పనివారు లేకనా? యాజకుడే చేయవలెనని యున్నది. ఆ అగ్నిని గూర్చి ఇన్నిసారులు ప్రసంగించిన నేను ఆ బూడిదను ఒక్కసారియు చూడలేదు.

నా లాల్చీ విడిచి పాత లుంగీ కట్టుకొంటిని. పొడవైన వెదురు కొనకు కొబ్బరి పీచు కట్టి, నిచ్చెన వేసికొని పైకెక్కి గొట్టములో పైకి క్రిందికి ఆడించితిని. పని ముగించి దిగుచుండగా పొరుగూరినుండి ఒక సహోదరుడు పెండ్లి పిలుపుతో వచ్చి, నన్నే చూచి, "ఏమయ్యా, పాదిరిగారు ఇంట్లో ఉన్నారా?" అని అడిగెను. ఉన్నారు, కూర్చుండుమని చెప్పి, లోపలికి పోయి మొగము కడుగుకొని వచ్చితిని. ఆయన పడిన తొట్రుపాటు మీరు ఊహించుకొనవచ్చును. అప్పటినుండి నెలకొక శనివారము సాయంకాలము మా యింట మసి తీయుట నా పని. ప్రసంగము తయారు కాని శనివారములలో సహితము.

ఇక ఆ విధవరాలి మాట. 1997లో నేను కన్నీటితో ప్రార్థించిన ఆ తల్లి ఇంకను సజీవురాలై యున్నది. పలు ఊళ్లు తిరిగి నేను మరల ఆ ప్రాంతపు సంఘమునకే వచ్చితిని. 2022 వేసవిలో ఆమెను చూడబోగా ఇప్పుడు ఇంటికి రేకుల కప్పున్నది. గుడ్డ కప్పిన సిలిండరు ఉన్నది. మూలను అదే మూడు రాళ్ల పొయ్యియు ఉన్నది. మనుమలు దూరముగా కూలికి పోయియున్నారు. మేస్త్రిని తీసికొని వచ్చి క్రొత్త పొయ్యి పెట్టించెదనంటిని. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. చలికాలములో ఎక్కడ కూర్చుండి కాగవలెనని అడిగినది. గొట్టపు మసి ఎవరు తీయుదురని అడిగినది. నేను వచ్చి తీసెదనంటిని. ఆమె నన్ను పైనుండి క్రింది వరకు చూచి, సరే అనినది.

ఈసారి ముందుగా ఆమె గిన్నెలు తెప్పించుకొంటిమి. రెండే గిన్నెలు. పొయ్యి ఆరిన తరువాత వెలిగించు దినమున నేనును నా భార్యయు వెళ్లితిమి. గొట్టము చక్కగా లాగినది. గదిలో పొగ లేదు. ఆమె పొయ్యి ముందు కూర్చుండగా, నేను ప్రక్కను పీట వేసికొని కూర్చుండి, ఎన్నాళ్లుగానో గొంతులో నున్న మాట చెప్పితిని. "అమ్మా, ఆనాడు నీకు జ్వరం వచ్చినప్పుడు నేను ఏడ్చి ప్రార్థన చేశానని ఊరంతా అనుకొన్నారు గదా. అది ఏడుపు కాదు. పొగ."

ఆమె కట్టె లోపలికి నెట్టుచు, తల యెత్తకుండనే చెప్పినది:

"నాకు తెల్వదా అయ్యగారూ? ఆ పొయ్యి నాదే గదా. కొత్తగ వచ్చినారు, పిల్లగాడు, ఊళ్లె నలుగురు మర్యాద ఇయ్యాలె గదా అని నేనే అట్ల చెప్పిన."

నా భార్య కొంగు నోటికి అడ్డము పెట్టుకొని బయటికి పోయినది. ఆ తల్లి రెండవ కన్నము మీదనున్న నీళ్లు కాగినవో లేదో వ్రేలు ముంచి చూచి, టీ పొడి డబ్బా కొరకు చేయి చాపినది. నేను లేచి అందించితిని.